నర్సును కొలిచేవాళ్ళు వార్డును ఎందుకు కొలవరు?

ప్రభుత్వాసుపత్రిలో జరగకూడనిది ఏదైనా జరిగితే మర్నాటి పేపర్లో ‘సిబ్బంది నిర్లక్ష్యం’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఆ సిబ్బంది ఎవరో వార్త చివరిదాకా చదివితే గానీ తెలియదు. చాలాసార్లు అది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, లేదా ట్రాలీ తోసే పేషెంట్ కేర్ వర్కర్. మెమో వాళ్ళకే వస్తుంది, ఉద్యోగం వాళ్ళదే పోతుంది. కొన్నేళ్ళుగా ఈ నిందకు చదువుకున్నవాళ్ళ భాష కూడా తోడైంది. నర్సులకు వృత్తి సంసిద్ధత లేదట, నైపుణ్యాలు చాలవట, కాబట్టి వాళ్ళను పరీక్షించాలి, కొలవాలి, మళ్ళీ సర్టిఫికెట్ ఇవ్వాలి. సదస్సుల్లోనూ ఇదే మాట, కార్పొరేట్ ఆసుపత్రుల హెచ్.ఆర్. గదుల్లోనూ ఇదే మాట.

కొలవొద్దని మేము అనడం లేదు. ఇది ముందే చెప్పుకోవాలి. ఎందుకంటే ‘ప్రతిభ’, ‘అర్హత’ అన్న మాటలు వినగానే మన ఉద్యమాల్లో ఒక అనుమానం లేస్తుంది. ఆ అనుమానానికి చరిత్ర ఉంది, అది న్యాయమైనదే. కానీ సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రి మంచాల మీద ఉండేది ఎవరు? భోయిగూడ, పార్సిగుట్ట, వారాసిగూడ, బన్సీలాల్‌పేట బస్తీల వాళ్ళు. మెదక్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి 108లోనో, అప్పు చేసి మాట్లాడుకున్న బండిలోనో వచ్చినవాళ్ళు. డబ్బున్నవాడికి ఒక ఆసుపత్రిలో నర్సింగ్ బాగా లేకపోతే ఇంకో ఆసుపత్రి ఉంది. మనవాళ్ళకు గాంధీ తర్వాత ఇంకో గాంధీ లేదు. అందుకే అక్కడి నర్సుకు పని వచ్చా రాదా అన్నది అందరికంటే ముందు మన ప్రశ్న. మా తగువంతా దేన్ని కొలుస్తున్నారు, దేన్ని కొలవకుండా దాటేస్తున్నారు అన్నదాని దగ్గరే.

డెంగీ వార్డులో ఒక రాత్రి

సామర్థ్యం గురించి గాల్లో మాట్లాడుకోకుండా ఒక జబ్బును తీసుకుందాం. వానలు పడ్డాయంటే నగరంలో డెంగీ కేసులు పెరుగుతాయి. ప్లేట్‌లెట్ల లెక్క ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ తెలుసు, బొప్పాయి ఆకు రసం చెప్పేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. కానీ డెంగీలో ఎక్కువగా ప్రాణం మీదికి తెచ్చేది రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారిపోవడం. అది జ్వరం తగ్గేటప్పుడు మొదలవుతుంది. మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య జ్వరం దిగుతుంది, ఇంటివాళ్ళు హమ్మయ్య అనుకుంటారు, సరిగ్గా అప్పుడే ఆ ఒకటి రెండు రోజుల గండం వస్తుంది. బి.పి.లో పై అంకె అలాగే ఉంటుంది, కింది అంకె మెల్లగా పైకి జరుగుతుంది. రెండింటికీ మధ్య తేడా 20కి వచ్చిందంటే మనిషి షాక్‌లోకి వెళ్తున్నట్టు. అతను మాట్లాడుతూనే ఉంటాడు, చేతులూ కాళ్ళూ మాత్రం చల్లబడతాయి. మూత్రం తగ్గిపోతుంది. 50 కిలోల మనిషికి గంటకు 25 మిల్లీలీటర్లయినా రావాలి.

పొద్దున ఒకసారి రౌండ్లకు వచ్చే ప్రొఫెసర్‌కు ఇది దొరకదు. గంట గంటకూ బి.పి. చూసి, యూరిన్ బ్యాగ్ కొలిచి, కేస్ షీట్‌లో రాసి, ఆ రెండు అంకెలూ దగ్గరవుతున్నాయని గమనించి, రాత్రి రెండు గంటలకు డ్యూటీ డాక్టర్‌ను లేపి ‘సార్, మీరు ఇప్పుడే రావాలి’ అనగలిగిన నర్సుకు దొరుకుతుంది. ఇందులో చేతి పని ఉంది, లెక్క ఉంది, జబ్బు ఎలా నడుస్తుందో తెలిపే చదువు ఉంది. చివరిదానికి ధైర్యం కూడా కావాలి. వచ్చే నెల తన ఉద్యోగం ఏజెన్సీ ఉంచుతుందో తీసేస్తుందో తెలియని అమ్మాయి, ఒకసారి లేపితే విసుక్కున్న డాక్టర్‌ను రెండోసారి లేపాలంటే ఎంత ఆలోచిస్తుందో ఊహించుకోవచ్చు. ఏ ప్రశ్నాపత్రమూ ఈ ధైర్యాన్ని కొలవదు. కానీ రోగి బతకడం చాలాసార్లు దాని మీదే ఆధారపడుతుంది.

ఇప్పుడు అదే నర్సుకు ముప్ఫైమంది రోగులను అప్పజెప్పండి. ఒక్కొక్కరి దగ్గర బి.పి. చూసి రాయడానికి మూడు నిమిషాలే అనుకున్నా, ఒక చుట్టు తిరిగేసరికి గంటన్నర. మధ్యలో ఇంజెక్షన్లు ఉంటాయి, కొత్త అడ్మిషన్లు ఉంటాయి, బ్లడ్ బ్యాంక్ నుంచి రక్తం వస్తుంది, ఎవరి సెలైనో అయిపోతుంది, ఎవరి తమ్ముడో వచ్చి అరుస్తాడు. గంటకోసారి చూడాల్సిన మనిషిని ఆమె ఎప్పుడు చూస్తుంది? చేతిలో గోల్డ్ మెడల్ ఉన్నా ఈ లెక్క మారదు.

దీనికి ప్రమాణాలు లేక కాదు. బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, ఇతర ఆసుపత్రుల్లో ఐదుగురికి ఒకరు, ఐసియులో ఒకరికి ఒకరు, సెలవుల కోసం మరో 30 శాతం అదనంగా ఉండాలని భారత నర్సింగ్ కౌన్సిల్ ఎప్పుడో చెప్పింది. గాంధీ 1,012 పడకల ఆసుపత్రిగా మంజూరైంది. ముగ్గురికి ఒకరు అన్న లెక్కను షిఫ్టుకు వర్తింపజేస్తే, ఐసియులను పక్కన పెట్టినా ఒక్కో షిఫ్టులో 330 మందికి పైగా నర్సులు వార్డుల్లో ఉండాలి. ఆ ఆసుపత్రిలో ఒక్క రాత్రి రోగి పక్కన కూర్చున్నవాళ్ళెవరినైనా అడగండి, ఎంతమంది కనిపించారో చెబుతారు.

ఈ సంఖ్యలు యూనియన్ల బేరం కోసం పుట్టినవి కావు. 2014లో లాన్సెట్ పత్రికలో లిండా ఐకెన్ బృందం ప్రచురించిన పరిశోధన చాలామంది నర్సింగ్ విద్యార్థులకు తెలిసే ఉంటుంది. తొమ్మిది యూరప్ దేశాలు, 300 ఆసుపత్రులు, ఆపరేషన్ చేయించుకున్న నాలుగు లక్షలకు పైగా రోగుల రికార్డులు. ఒక నర్సు మీద ఒక్క రోగి అదనంగా పడితే, 30 రోజుల్లో రోగి చనిపోయే అవకాశం 7 శాతం పెరిగింది. డిగ్రీ చదివిన నర్సుల వాటా 10 శాతం పెరిగిన చోట ఆ అవకాశం 7 శాతం తగ్గింది. రెండో సగాన్ని మాత్రమే పట్టుకుని ‘చూశారా, చదువు ముఖ్యం, కాబట్టి నర్సులను పరీక్షించాలి’ అనేవాళ్ళు ఉన్నారు. మొదటి సగం మీద ఎవరూ సదస్సు పెట్టరు, అది ఖర్చుతో కూడిన సగం మరి.

అనుభవాన్ని రోడ్డు మీద పడేసిన రెండేళ్ళు

నర్సింగ్ చదివిన ప్రతి ఒక్కరూ ప్యాట్రీషియా బెన్నర్ పేరు విని ఉంటారు. కొత్తగా చేరిన నర్సు నిపుణురాలు కావడానికి ఐదు దశలు దాటుతుందని ఆమె 1984లో రాశారు. అందులో మధ్య దశ పేరే ‘కాంపిటెంట్’, అంటే సమర్థురాలు. ఒకే తరహా వార్డులో, ఒకే తరహా రోగుల మధ్య రెండు మూడేళ్ళు పనిచేస్తే గానీ ఆ దశ రాదని ఆమె లెక్క. కాలేజీ నుంచి సంచిలో పెట్టుకుని తెచ్చుకునే సరుకు కాదది. వార్డులో, తోటివాళ్ళతో, సీనియర్ సిస్టర్ల పక్కన నిలబడి తయారయ్యేది.

దీన్ని మనసులో పెట్టుకుని గాంధీలో జరిగింది చూడండి. 2020 మార్చి 2న తెలంగాణలో మొదటి కరోనా కేసు బయటపడింది, ఆ రోగి గాంధీలోనే ఉన్నాడు. తర్వాత ఆసుపత్రి మొత్తం కోవిడ్‌కే కేటాయించారు. అప్పుడు ఆ వార్డుల్లో పీపీఈ కిట్లు వేసుకుని దిగినవాళ్ళలో ఏళ్ళ తరబడి అవుట్‌సోర్సింగ్ మీద పనిచేస్తున్న నర్సులు ఉన్నారు. అప్పటికి వాళ్ళకు నెలకు వచ్చేది 17,500 రూపాయలు. కొత్తగా తీసుకునేవాళ్ళకు 25,000 ఇస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పాతవాళ్ళు ఊరుకుంటారా? 2020 జూలైలో గాంధీలో విధులు బహిష్కరించి బయట కూర్చున్నారు. పర్మినెంట్ చెయ్యమన్నారు, జీతం పెంచమన్నారు. ప్రభుత్వం జీతాన్ని 25,000కు పెంచింది, కోవిడ్ డ్యూటీకి రోజుకు 750 రూపాయలు ఇస్తామంది, నాలుగో తరగతి సిబ్బందికి రోజుకు 300 అంది. పర్మినెంట్ మాట మాత్రం ఎత్తలేదు.

ఏడాది తిరిగింది. రెండో వేవ్ కూడా అయిపోయింది. 2021 జూలైలో రాష్ట్రవ్యాప్తంగా 1,640 మంది అవుట్‌సోర్సింగ్ నర్సులను తొలగించారు. 2017 చివర్లో 3,311 స్టాఫ్ నర్స్ పోస్టులకు ఇచ్చిన నోటిఫికేషన్ నియామకాలు అప్పటికి పూర్తయ్యాయి, రెగ్యులర్ వాళ్ళు వచ్చారు కాబట్టి మీరు వెళ్ళండి అన్నారు. వెళ్ళిపోమన్నది ఎవరిని? వెంటిలేటర్ల మధ్య రెండు వేవ్‌లు గడిపినవాళ్ళను, ఆక్సిజన్ ఎవరికి ఎప్పుడు పడిపోతుందో ముఖం చూసి చెప్పగలిగేదాకా వచ్చినవాళ్ళను. బెన్నర్ లెక్కలో సరిగ్గా సమర్థత దశకు చేరుకున్న మనుషులు వాళ్ళు. వాళ్ళు ప్రగతి భవన్ దాకా వెళ్ళారు. అప్పుడు రెగ్యులర్ నర్సులు రావడం తప్పని మేము అనం, వాళ్ళూ మన పిల్లలే, నాలుగేళ్ళు నోటిఫికేషన్ కోసం ఎదురుచూసినవాళ్ళే. కానీ పడకకు తగ్గ నర్సు లేని రాష్ట్రంలో ఒకరు రావాలంటే ఇంకొకరు పోవాలన్న లెక్క ఎక్కడిది? అనుభవాన్ని అలా రోడ్డు మీద పడేసిన శాఖే తర్వాత నైపుణ్య లోపం గురించి మాట్లాడితే ఏమనాలి?

అవుట్‌సోర్సింగ్‌లో మనకు సంబంధించిన మరో సంగతి ఉంది. రెగ్యులర్ నియామకానికి రోస్టర్ ఉంటుంది, ఏ పాయింట్‌లో ఎవరు వచ్చారో జాబితా బయట పెడతారు, అన్యాయం జరిగితే కోర్టుకు వెళ్ళే దారి ఉంటుంది. ఏజెన్సీ ఎవరిని తీసుకుందో, ఏ ప్రాతిపదికన తీసుకుందో గోడ మీద అంటించదు. కేంద్ర మంత్రిత్వ శాఖల్లో 45 రోజులు, అంతకు మించిన తాత్కాలిక నియామకాల్లో కూడా ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ రిజర్వేషన్ పాటించాలని 2022 నవంబర్‌లో ఉత్తర్వు వచ్చింది. ఏజెన్సీల దారిలో వచ్చే ఉద్యోగాలను ఆ వెలుతురు చేరడం లేదు.

ఎనభై ప్రశ్నలు, ఇరవై మార్కులు

ఇప్పుడు కొలత సంగతి. రాష్ట్రంలో నర్సుల సామర్థ్యాన్ని ప్రభుత్వం అధికారికంగా కొలిచే పెద్ద సందర్భం నియామక పరీక్షే. 2022 డిసెంబర్ చివర్లో వైద్య, ఆరోగ్య సేవల నియామక బోర్డు 5,204 స్టాఫ్ నర్స్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది, తర్వాత మరో 1,890 కలిపింది. దాదాపు నలభై వేలమంది దరఖాస్తు చేశారు. 2023 ఆగస్టు 2న కంప్యూటర్ మీద పరీక్ష జరిగింది. 2024 జనవరి 31న ఎల్.బి. స్టేడియంలో 6,956 మందికి నియామక పత్రాలు ఇచ్చారు. ఆ రోజు ఆ స్టేడియంలో కూర్చున్న ఎన్ని కుటుంబాల్లో అది మొదటి సర్కారు ఉద్యోగమో! ఆ సంతోషాన్ని తగ్గించడం మా ఉద్దేశం కాదు.

అయితే ఆ పరీక్ష దేన్ని కొలిచింది? 100 మార్కుల్లో 80 మార్కులు నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తించే ప్రశ్నలకు. మిగతా 20 ప్రభుత్వాసుపత్రుల్లో కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ సేవకు. ఆరు నెలలకు 2 మార్కులు, గిరిజన ప్రాంతమైతే 2.5. ఈ ఇరవై మార్కులు పోరాడి నిలబెట్టుకోవాల్సినవి. 2021లో రోడ్డున పడ్డవాళ్ళలో కొందరికైనా అవే ఆసరా. కానీ పరీక్ష మొత్తంలో అభ్యర్థి ఒక్క రోగి చేతికి ఐవి కాన్యులా పెట్టి చూపించాల్సిన అవసరం రాదు. రాత్రి డ్యూటీ నుంచి పగటి డ్యూటీకి రోగిని ఎలా అప్పజెబుతారో అడిగేవారు లేరు. భయపడిన తల్లితో ఎలా మాట్లాడుతుందో చూసేవారు లేరు. ఇక ప్రైవేట్ నర్సింగ్ హోమ్‌లో పదేళ్ళు రాత్రింబవళ్ళు చేసిన మనిషి అనుభవానికి వచ్చేది సున్నా.

ఆ ప్రైవేట్‌లో ఎందుకు ఉండిపోయింది అని అడగొచ్చు. ఇంటర్‌లో మార్కులు తక్కువొచ్చిన, ఎంబీబీఎస్ ఊహకు కూడా రాని వాడ పిల్లలకు జీఎన్ఎం మూడేళ్ళ కోర్సు ఎప్పట్నుంచో ఒక గట్టు. చదువు అయిపోగానే ఇల్లు నడవాలి. ప్రైవేట్‌లో జీతాల మీద సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఆదేశిస్తే కేంద్రం జగదీశ్ ప్రసాద్ కమిటీని వేసింది. 200 పడకలు దాటిన ఆసుపత్రి ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని, 100 దాటితే తేడా 10 శాతం మించకూడదని, 50 నుంచి 100 వరకు 25 శాతం మించకూడదని, అంతకంటే చిన్నదైతే కనీసం 20,000 రూపాయలు ఇవ్వాలని అది చెప్పింది. అమలు రాష్ట్రాల మీద పెట్టారు. సికింద్రాబాద్ సందుల్లోని నర్సింగ్ హోముల్లో ఆ కాగితం పేరు విన్న యజమాని ఉంటే మాకు చూపించండి.

పరీక్షకు కూర్చోవాలంటే ముందు నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, రిజిస్ట్రేషన్‌కు ఒరిజినల్ సర్టిఫికెట్లు కావాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు పడినప్పుడల్లా ‘ముందు మీరు కట్టి తీసుకెళ్ళండి, ప్రభుత్వం ఇచ్చాక వెనక్కి ఇస్తాం’ అనే యాజమాన్యాలు ఉన్నాయి. 2025 నవంబర్‌లో ఆ బకాయిల కోసం ప్రైవేట్ వృత్తి విద్యా కళాశాలలు ఏకంగా తలుపులు మూశాయి. ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఆ డబ్బు తేలేదాకా ఎస్సీ అమ్మాయి చదువు బీరువాలో ఉంటుంది, ఆమె మాత్రం రిజిస్ట్రేషన్ లేని నర్సుగా దొరికిన జీతానికి పనిచేస్తుంది. తర్వాత ఎవరో వచ్చి ఆమెకు వృత్తి సంసిద్ధత లేదంటారు.

రోగి లేని కళాశాల

సంసిద్ధత లోపం నిజంగా ఎక్కడైనా ఉంటే అది ఎక్కువగా పుట్టేది చదువు దగ్గర. నర్సింగ్ కళాశాలకు సొంతంగా కనీసం 100 పడకల ఆసుపత్రి ఉండాలని, క్లినికల్ శిక్షణలో విద్యార్థికి తగినంతమంది రోగులు ఉండాలని నియమం. కాగితం మీద అందరికీ ఉంటాయి. మధ్యప్రదేశ్‌లో హైకోర్టు ఆదేశంతో నర్సింగ్ కళాశాలలను తనిఖీ చేయడానికి వెళ్ళిన సీబీఐ అధికారులే, బాగున్నాయని రిపోర్టు రాయడానికి లంచం తీసుకున్నారన్న ఆరోపణ మీద 2024 మేలో అరెస్టయ్యారు. మన దగ్గర అంత దూరం వెళ్ళి ఎవరూ చూడలేదు, అంతే తేడా. పడకలు చాలని కళాశాలల పిల్లలు ప్రభుత్వాసుపత్రులకే వస్తారు. ఒక మంచం చుట్టూ పదిమంది యూనిఫాం వేసుకున్న అమ్మాయిలు నిలబడి, ఒకరు చేస్తుంటే తొమ్మిదిమంది చూసే దృశ్యం గాంధీకి వెళ్ళినవాళ్ళెవరికీ కొత్త కాదు. లేదా దానికి పూర్తిగా ఎదురు దృశ్యం: సిబ్బంది చాలని వార్డులో రెండో సంవత్సరం పిల్లనే నర్సు పనికి నిలబెట్టడం. రెండు చోట్లా నేర్పేవారు ఉండరు.

2021లో వచ్చిన బి.ఎస్‌సి. నర్సింగ్ కొత్త సిలబస్ ఎనిమిది సెమిస్టర్లుగా, సామర్థ్యాల ఆధారంగా ఉంది. విద్యార్థి చేసి చూపించే పరీక్షలు అందులో ఉన్నాయి. మంచి సిలబసే. 2023 ఏప్రిల్‌లో కేంద్రం మెడికల్ కళాశాలల పక్కనే 157 కొత్త నర్సింగ్ కళాశాలలకు ఆమోదం కూడా ఇచ్చింది. చేసి చూపించమనేవాళ్ళకు ముందు ఎలా చెయ్యాలో చూపించే అధ్యాపకులు ఎక్కడున్నారన్నదే ఇక మిగిలిన ప్రశ్న.

నేర్పించాలనుకుంటే నేర్పించొచ్చని ఇదే రాష్ట్రంలో ఒక ఉదాహరణ ఉంది. తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది, దేశంలో అన్నిటికంటే ఎక్కువ. సర్వే అయ్యేలోపే, 2017లో, కరీంనగర్‌లో కొద్దిమంది ప్రభుత్వ నర్సులను ఎంచుకుని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్‌ల తోడ్పాటుతో 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ఇచ్చారు. సర్వీసులో ఉన్న మనుషులకు ఏడాదిన్నర సమయం ఇచ్చారు, పక్కన నిలబడి నేర్పేవాళ్ళను ఇచ్చారు. మామూలు కాన్పును ఓపిగ్గా నడిపించగల మిడ్‌వైఫ్‌లు అలా తయారయ్యారు. అంతకు ముందు కూడా వాళ్ళు అదే నర్సులు.

‘ఆ పని’ ఎవరిదన్న ప్రశ్న

ఇంత తేలిగ్గా నర్సు సామర్థ్యాన్ని శంకించడానికి దేశంలో ఒక పాత అలవాటు తోడుంది. మలం, మూత్రం, రక్తం, పురుడు ముట్టుకునే పనిని కులం కొందరి మీదికే నెట్టింది. పురుళ్ళు పోసిన మంత్రసానులు, మైల బట్టలు ఉతికినవాళ్ళు, శవాన్ని మోసినవాళ్ళు ఎవరో చెప్పక్కర్లేదు. ఆసుపత్రి వచ్చినప్పుడు పై కులాల ఇళ్ళు ఆడపిల్లలను నర్సింగ్‌కు పంపలేదు. 1883లో గుంటూరు వచ్చి 1898లో ఆసుపత్రి తెరిచిన డాక్టర్ అన్నా కుగ్లర్ వంటి మిషనరీల దగ్గర, 1878 ప్రాంతంలో సికింద్రాబాద్‌లో అడుగుపెట్టి మెదక్ దాకా విస్తరించిన వెస్లియన్ మిషన్ వంటి చోట్ల ఈ చదువు అందుకున్నవాళ్ళలో క్రైస్తవం తీసుకున్న మాల, మాదిగ ఇళ్ళ ఆడపిల్లలు ఉన్నారు. 1946లో భోర్ కమిటీ దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉందని రాసింది. ఆ కొరతకు బడ్జెట్ ఎంత కారణమో కులం కూడా అంతే కారణమని మా అభిప్రాయం.

ఇప్పుడు అన్ని కులాల వాళ్ళూ నర్సింగ్‌కు వస్తున్నారు. జీతం, విదేశం, గౌరవం వచ్చాక మైల కూడా కాస్త పలచబడింది. కానీ పోలేదు, కిందికి జారింది. కోల్‌కతా ఆసుపత్రుల మీద పాంచాలి రే 2019లో తెచ్చిన పుస్తకం దీన్నే చూపిస్తుంది: చదువుకున్న నర్సు ‘ముట్టుకునే పని’కి దూరం జరిగేకొద్దీ ఆ పని ఆయాల మీద, అటెండెంట్ల మీద పడుతుంది, వాళ్ళ కులమూ తరగతీ వేరు. సికింద్రాబాద్‌లో చూసినా అంతే. బెడ్‌పాన్ పెట్టేది, రోగిని పక్కకు తిప్పేది, శవాన్ని చుట్టేది పేషెంట్ కేర్, శానిటేషన్ వర్కర్లు. పడుకుని ఉన్న మనిషిని రెండు గంటలకోసారి తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. ఆ పుండు పడకుండా ఆపగలిగేది వీళ్ళు. ఇన్‌ఫెక్షన్ ఒక మంచం నుంచి ఇంకో మంచానికి పోకుండా ఆపగలిగేదీ వీళ్ళే. అయినా వీళ్ళకు ఏ శిక్షణ ఇచ్చారని ఎవరూ అడగరు. మిగిలిన పని రోగి వెంట వచ్చిన తల్లో, భార్యో చేస్తుంది. గాంధీలో నర్సింగ్ గంటలను నిజంగా లెక్కేస్తే అందులో సగం జీతం లేని ఆడవాళ్ళవని తేలినా మేము ఆశ్చర్యపోము.

ఇక్కడ మనవాళ్ళకు మనం చెప్పుకోవాల్సిన మాట కూడా ఉంది. నర్సు మన కులంది అయినంత మాత్రాన మన రోగిని మర్యాదగా చూస్తుందని హామీ లేదు. పురిటి గదిలో నొప్పులు పడుతున్న బస్తీ ఆడమనిషిని తిట్టే గొంతు ఏ కులానిదైనా కావచ్చు. కాన్పు సమయంలో అవమానం, దూషణ ఆడవాళ్ళ హక్కులను కాలరాయడమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో ప్రకటించింది. మర్యాద కూడా వృత్తి సామర్థ్యమే. మాట అర్థంకాని లంబాడా అమ్మమ్మతో, ఉర్దూ తప్ప రాని పాతబస్తీ కోడలితో, బీహార్ నుంచి వచ్చిన కూలీతో ఎలా మాట్లాడాలన్నది నేర్పాల్సిన విషయం, కొలవాల్సిన విషయం. అలిసిపోయింది కాబట్టి తిట్టింది అని మేము సమర్థించబోము. ఎందుకు అంత అలిసిపోయిందో కూడా వదిలిపెట్టబోము.

వార్డు మొత్తాన్ని కొలిచే పద్ధతి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2017 డిసెంబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ‘లక్ష్య’ కార్యక్రమం పురిటి గదులను అలాగే చూస్తుంది. సిబ్బంది పని చేసి చూపించాలి, అదే సమయంలో గదిలో మంచాలెన్ని, మనుషులెందరు, పరికరాలున్నాయా, తల్లికి మర్యాద దక్కిందా అని కూడా మార్కులు వేస్తారు. ఇందులో తప్పు ఒక్క నర్సు నెత్తిన పడదు, సూపరింటెండెంట్ దాకా పోతుంది. పురిటి గదికి సాధ్యమైంది జనరల్ మెడిసిన్ వార్డుకు, ఎమర్జెన్సీకి ఎందుకు సాధ్యం కాదు?

మరోవైపు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్, జపాన్ భాషలు నేర్పి విదేశాలకు పంపుతోంది. వెళ్ళేవాళ్ళను మేము ఆపం. వాడ నుంచి జర్మనీ దాకా నడిచిన అమ్మాయిని చూసి గర్వపడతాం. కానీ వింత గమనించండి. పరాయి దేశపు రోగి కోసం నెలల తరబడి శిక్షణకు ఏర్పాట్లు ఉన్నాయి. గాంధీలో డెంగీ రోగి కోసం వారం రోజుల శిక్షణను డ్యూటీ టైములో, జీతంతో ఇవ్వడానికి మాత్రం మనుషులు చాలరు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. కొత్త కమిషన్లు రేపు సామర్థ్యానికి కొత్త కొలమానాలు తెస్తాయి. అవి రాసేటప్పుడు బల్ల దగ్గర ఎవరు కూర్చుంటారన్నది ఇప్పుడే పట్టించుకోవాలి. స్టూడెంట్ సంఘాలు దీన్ని డాక్టర్ల విషయమనో, యూనియన్ విషయమనో వదిలేయకూడదు. మేము అడుగుతున్నవి పెద్ద కోరికలేమీ కావు. నియామక పరీక్షలో రోగి పక్కన చేసి చూపించే భాగం ఉండాలి. రిజిస్టర్డ్ నర్సుగా ప్రైవేట్‌లో చేసిన ఏళ్ళకూ కొంత వెయిటేజీ రావాలి. ఏజెన్సీ నియామకాల జాబితాలు రోస్టర్‌తో సహా బయట పెట్టాలి. పేషెంట్ కేర్ వర్కర్లకు శిక్షణ, దానికి తగ్గ సర్టిఫికెట్, జీతం ఉండాలి. ప్రతి వార్డు గుమ్మం దగ్గర ఆ షిఫ్టులో మంచాలెన్ని, రోగులెందరు, నర్సులెందరు అని ఒక బోర్డు ఉండాలి.

ఆ బోర్డు పెట్టేదాకా ఆగక్కర్లేదు. గత మూడు నెలల వార్డువారీ డ్యూటీ రోస్టర్లు, ప్రతి రాత్రి ఉన్న రోగుల సంఖ్య, మంజూరైన నర్సు పోస్టుల్లో ఖాళీలు, రెగ్యులర్, కాంట్రాక్ట్, అవుట్‌సోర్సింగ్ విడివిడిగా, సామాజిక వర్గాలవారీగా, గత ఏడాది డ్యూటీ టైములో ఎంతమందికి ఏ శిక్షణ ఇచ్చారు: ఈ ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు ఎవరైనా పెట్టొచ్చు. ఆసుపత్రిలోని ప్రజా సమాచార అధికారి పేరున రాయాలి, పది రూపాయల ఫీజు. తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్ళకు అది కూడా అక్కర్లేదు. ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి.